లైసెన్సు డబ్బు ఏ ఏడాది ఆదాయమో చెప్పండి: ఫార్మా కంపెనీలకి, వాటి ఆడిటర్లకి బరంపురం నుంచి బహిరంగ లేఖ

లిస్టయిన మందుల కంపెనీల ఆడిట్ కమిటీ సభ్యులకి, సీఎఫ్ఓలకి (ఆర్థిక విభాగం అధిపతులకి), ఆ బ్యాలెన్స్ షీట్ల మీద సంతకం పెట్టే చార్టర్డ్ అకౌంటెంట్లకి
ప్రతులు: ఐసీఏఐ (చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ), ఎన్ఎఫ్ఆర్ఏ (ఆడిట్లని తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ), సెబీ (షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ)

సార్లకీ, మేడమ్‌లకీ,

నమస్కారం. ఆడిట్ సీజన్లో మీకు తిండి తినే తీరిక కూడా ఉండదని తెలుసు, అందుకే పలకరింపులు ఇంతటితో ఆపి విషయంలోకి వచ్చేస్తాను.

నేను ఒడిశా గంజాం జిల్లా బరంపురంలో ఒక మందుల హోల్‌సేల్ షాపులో ఏళ్ళ తరబడి పద్దులు రాసినవాణ్ణి. స్టాకిస్టు దగ్గర లెక్కలంటే ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు, కంపెనీ స్కీములు, ఎక్స్‌పైరీ రిటర్నులు, క్రెడిట్ నోట్లు, ఆ చిల్లర గొడవంతా. ఇప్పుడు రిటైరైపోయి మా పేటలో తెలిసినవాళ్ళకి షేర్ల కాగితాలు చూసిపెడుతుంటాను. తెలిసినవాళ్ళంటే రిటైరైన టీచర్లు, రైల్వే వాళ్ళు, పట్టు చీరల షాపుల్లో గుమాస్తాలు, అందరం ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా మాట్లాడేవాళ్ళం. 1936లో ఒడిశా ఏర్పడ్డప్పుడు మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇటు వచ్చింది గానీ మా పిల్లల ఉద్యోగాలు మాత్రం ఇప్పటికీ ఇచ్ఛాపురం దాటాకే, పైడిభీమవరం, పరవాడ, జీడిమెట్ల, బొల్లారం. కొడుకో అల్లుడో పనిచేసే కంపెనీ కదా అని అదే షేరు కొనేవాళ్ళే మాలో ఎక్కువ, మంచి పద్ధతి కాదని చెప్తూనే ఉంటాను, ఎవరూ వినరు.

తెలుగులో ఎందుకంటారా, ఈ కంపెనీల ఫైనాన్స్ డిపార్ట్‌మెంట్లలోనూ ఆడిట్ ఆఫీసుల్లోనూ మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులో తప్పించుకోవడం సులువైపోతోంది.

జరిగిందేంటంటే, మాలో కొంతమందికి షేర్లున్న ఒక కంపెనీ (పేరు రాయను, ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు) తన కొత్త మందు హక్కుల్ని విదేశీ కంపెనీకి లైసెన్సు ఇచ్చింది, పేపర్లలో పెద్ద డాలర్ల అంకె వచ్చింది, ఆ క్వార్టర్ లాభం ఒక్కసారి ఎగిరింది, అది చూసి మా వాళ్ళు ఇంకాస్త కొన్నారు, మరుసటి ఏడాది లాభం మళ్ళీ కిందకి వచ్చేసింది. ఆ లాభంలో లైసెన్సు డబ్బు ఎంత, ఇంకా ఎంత రావాలి, వచ్చినదాంట్లో చెయ్యాల్సిన పని ఏమైనా మిగిలి ఉందా అని కంపెనీ సెక్రటరీకి మెయిల్ పెట్టేం. "ఇండ్ ఏఎస్ 115 ప్రకారమే రికార్డు చేశాం" అని ఒక్క లైను జవాబు (ఆదాయం ఎప్పుడు, ఎలా రాయాలో చెప్పే అకౌంటింగ్ నియమం అది). వీడియోలో జరిగిన ఏజీఎంలో (వాటాదారుల వార్షిక సమావేశంలో) స్పీకర్‌గా పేరిచ్చి మళ్ళీ అడిగేం, మా టీం మీకు విడిగా రిప్లై ఇస్తుందన్నారు, ఆ విడి రిప్లై రాలేదు. ఆడిటర్ ఆఫీసుకి రాస్తే క్లయింట్ విషయం మాట్లాడకూడదన్నారు. పైవాళ్ళకి ఫిర్యాదు పెడితే కంపెనీ మాకు ముందే ఇచ్చిన ఆ ఒక్క లైనునే అతికించి మూసేసేరు. అందుకని ఇక అందరి ముందూ అడుగుతున్నాం.

దొంగ లెక్క రాసేరని మేం అనడం లేదు, ఇది ముందే స్పష్టంగా చెప్తున్నా. 2009 జనవరిలో సత్యం వ్యవహారం బయటపడ్డప్పుడు లేని 5,040 కోట్ల నగదు ఉన్నట్టు చూపించేరు, అది వేరే జాతి. ఇక్కడ డబ్బు నిజంగా వచ్చింది, బ్యాంకులో పడింది. అది ఏ ఏడాది ఆదాయం, ఎందుకు ఆ ఏడాదే అన్నదే మా ప్రశ్న.

సాటి పాఠకుల కోసం కాస్త వివరం. మందు లైసెన్సు ఒప్పందంలో డబ్బు సాధారణంగా మూడు నాలుగు రూపాల్లో వస్తుంది. సంతకం కాగానే వచ్చే అప్‌ఫ్రంట్. ట్రయల్ ఒక దశ దాటితేనో, అనుమతి వస్తేనో వచ్చే మైల్‌స్టోన్. మందు మార్కెట్లో అమ్ముడయ్యాక అమ్మకాల మీద వచ్చే రాయల్టీ. ఇవి కాక ట్రయల్స్ చేసిపెట్టినందుకో మందు తయారుచేసి పంపినందుకో వచ్చే డబ్బు. 2025 జులైలో గ్లెన్‌మార్క్ గ్రూపులోని ఐజీఐ తన ఐఎస్‌బీ 2001 అనే మైలోమా (ఒక రకం రక్త కేన్సర్) మందుని అమెరికా కంపెనీ అబ్‌వీకి లైసెన్సు ఇచ్చింది కదా, అందులో అప్‌ఫ్రంట్ 70 కోట్ల డాలర్లు, మైల్‌స్టోన్లు 122.5 కోట్ల డాలర్ల దాకా, ఆపైన అమ్మకాల మీద రెండంకెల శాతం రాయల్టీ. పేపరు వాళ్ళు రెండూ కలిపి సుమారు 190 కోట్ల డాలర్ల డీల్ అని హెడ్డింగ్ పెట్టేస్తారు, చదివేవాడు అంతా వచ్చేసినట్టే అనుకుంటాడు. ఆ "దాకా" అన్న ముక్కలో ఎన్ని షరతులున్నాయో ఎవరికి తెలుసు.

ఈ డబ్బుని ఎలా రాయాలో మన దగ్గర 2018 ఏప్రిల్ 1 నుంచి ఇండ్ ఏఎస్ 115 చెప్తోంది, అంతర్జాతీయంగా ఐఎఫ్ఆర్ఎస్ 15 ఏదో ఇదీ అదే. మైల్‌స్టోన్ డబ్బుని, తర్వాత వెనక్కి రాసుకోవాల్సిన అవసరం రాదని బాగా గట్టిగా నమ్మకం ఉంటే తప్ప ఆదాయంలో కలపకూడదు, డ్రగ్ కంట్రోలర్ అనుమతి లాంటిది కంపెనీ చేతిలో ఉండదు కాబట్టి అది వచ్చేదాకా మామూలుగా ఆగాల్సిందే. రాయల్టీ అయితే అవతలివాళ్ళ అమ్మకం జరిగాకే. ఈ రెండిట్లో పెద్ద పేచీ లేదు. పేచీ అంతా అప్‌ఫ్రంట్ దగ్గరే.

మా ఊళ్ళో పెళ్ళికి పట్టు జోడు ఆర్డరిచ్చి సగం డబ్బు ముందే కడితే షాపువాడు దాన్ని అమ్మకంలో రాయడు, ఆ మనిషి పేరు మీద అడ్వాన్సుగా ఉంచుతాడు, జోడు చేతికిచ్చిన రోజున బిల్లు వేస్తాడు. మందు లైసెన్సులో వచ్చిన చిక్కేమిటంటే సరుకు అప్పగించేసినట్టా, ఇంకా మగ్గం మీదే ఉన్నట్టా అన్నది కంటికి కనబడదు, ఒప్పందం కాగితం చదివి నిర్ణయించాలి. తయారైపోయిన ఫార్ములా హక్కు ఇచ్చేసి చేతులు దులుపుకుంటే అది వాడుకునే హక్కు, మొత్తం ఒకేసారి ఆదాయం. హక్కు ఇచ్చినా కూడా మన కంపెనీయే ఇంకా నాలుగేళ్ళు ట్రయల్స్ చెయ్యాలి, అది లేకపోతే ఆ హక్కు అవతలివాడికి పనికిరాదు అంటే రెండూ కలిపి ఒకే బాధ్యత, పని జరిగే కొద్దీ ఆదాయం. మధ్యలో ఇంకో రకం, హక్కుకి ఇంత, పనికి ఇంత అని ధర విడగొట్టడం.

అంకెల్లో చూడండి, ఇది కేవలం ఉదాహరణ. అప్‌ఫ్రంట్ 400 కోట్లు, నాలుగేళ్ళ పని మిగిలి ఉంది. మొదటి దారిలో ఈ క్వార్టర్లోనే 400 కోట్లు. రెండో దారిలో ఏడాదికి 100 కోట్ల చొప్పున. మూడో దారిలో హక్కుకి 250 అనుకుంటే అది ఇప్పుడు, మిగతా 150 నాలుగేళ్ళకి సర్దుకుంటుంది. అదే కాగితం, అదే డబ్బు, మూడు రకాల లాభాలు. ఒప్పందాన్ని బట్టి మూడింట్లో ఏదైనా రైటు కావచ్చు, అందుకే ఏ దారి ఎంచుకున్నారో, ఎందుకు ఎంచుకున్నారో రాయమని స్టాండర్డే చెప్పింది. 114వ పేరా ఆదాయాన్ని రకాలుగా విడగొట్టి చూపమంటుంది, 116వ పేరా అడ్వాన్సుగా ఉన్న బాకీ ఏడాది మొదట్లో ఎంత, ఆఖర్లో ఎంత, వెనకటి ఏళ్ళలో చేసేసిన పనికి ఈ ఏడాది కొత్తగా ఎంత ఆదాయం రాసేరో చెప్పమంటుంది, 120 ఇంకా చెయ్యాల్సిన పని విలువ అడుగుతుంది, 123 మీరు వాడిన విచక్షణ ఏంటో చెప్పమంటుంది. 126ఏఏ అయితే మన దేశంలోనే చేర్చింది, ఒప్పుకున్న ధరకీ రాసిన ఆదాయానికీ తేడా ఎక్కడొచ్చిందో చూపించమని. విచక్షణ వాడుకునే సగం మీరు బాగానే వాడుకుంటున్నారు, చెప్పాల్సిన సగం దగ్గరే పెన్ను ఆగిపోతోంది.

మేం చూసిన ఆ వార్షిక నివేదికలో ఏముందో చెప్తాను. ప్రింటు తీయించి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదివేను. లాభనష్టాల ఖాతాలో "రెవెన్యూ ఫ్రం ఆపరేషన్స్" అని ఒక లైను. దాని నోటుకి వెళ్తే సరుకు అమ్మకం, సేవలు, ఇతర ఆపరేటింగ్ ఆదాయం. ఆ ఇతర దాని కింద ఎగుమతి ప్రోత్సాహకాలు, తుక్కు అమ్మకం, లైసెన్సు ఫీజు, "మరియు ఇతరములు", అన్నిటికీ కలిపి ఒకే అంకె. ఏళ్ళ తరబడి లాబొరేటరీలో పడ్డ కష్టమూ, ఫ్యాక్టరీ వెనక ఖాళీ డ్రమ్ములు అమ్మిన డబ్బూ ఒకే గీత మీద! అకౌంటింగ్ పాలసీ పేజీలో లైసెన్సు ఆదాయం గురించి ఒక పేరా ఉంది, ఒకేసారి గానీ కాలక్రమంలో గానీ, సందర్భాన్ని బట్టి అని. వెనకటి ఏడాది నివేదిక తీసి పక్కన పెట్టి చూసేను, కామాతో సహా అదే పేరా. డీల్ రాని ఏడాదిలోనూ అదే, వచ్చిన ఏడాదిలోనూ అదే. ఆడిటర్ రిపోర్టులో కీ ఆడిట్ మ్యాటర్ల (ఆడిటర్ ముఖ్యమనుకుని ప్రత్యేకంగా రాసే విషయాల) కింద అమెరికా రిబేట్లూ రిటర్నుల గురించి రెండు పేజీలున్నాయి, లైసెన్సు మాటే లేదు.

ఇప్పుడు దీనివల్ల మామూలు జనానికి ఏమవుతోందో వరసగా రాస్తాను.

1. ముందు చిన్న వాటాదారు. మా వాళ్ళెవరూ 300 పేజీల నివేదిక చదవరు, ఫోన్లో యాప్ తీసి పీఈ (షేరు ధర లాభానికి ఎన్ని రెట్లో చెప్పే అంకె) చూస్తారు. కంపెనీ మార్కెట్ విలువ 6,000 కోట్లు, మామూలు లాభం 200 కోట్లు అనుకోండి, పీఈ 30. 400 కోట్ల అప్‌ఫ్రంట్ ఒకే క్వార్టర్లో పడి పన్ను పోగా 300 కోట్లు మిగిలితే లాభం 500 కోట్లు, పీఈ 12. యాప్‌లో ఆకుపచ్చగా కనిపిస్తుంది, చవగ్గా దొరుకుతోంది అని కొంటారు. నాలుగు క్వార్టర్లు గడిచేసరికి ఆ 300 లెక్కలోంచి జారిపోతుంది, షేరు ధర కదలకపోయినా పీఈ మళ్ళీ 30, కదిలితే ఎటు కదుల్తుందో చెప్పక్కర్లేదు. కూతురి పెళ్ళికనో మోకాలి ఆపరేషన్‌కనో దాచుకున్న డబ్బు అది. మ్యూచువల్ ఫండ్ మేనేజర్‌కి కాన్ఫరెన్స్ కాల్‌లో ఈ ప్రశ్న అడిగే అవకాశం ఉంది, అడుగుతాడు, జవాబూ వస్తుంది. మాకు ఆ కాల్ లేదు.

2. ఆదాయం ముందు వచ్చేసి ఖర్చు తర్వాత వస్తే వచ్చే మూడు నాలుగేళ్ళూ పరిశోధన ఖర్చే కనిపిస్తుంది, దానికి ఎదురుగా ఆదాయం కనిపించదు. అప్పుడు "ఖర్చుల అదుపు" అని ఒక మాట బయటికొస్తుంది. ఆ అదుపు ఎక్కడ మొదలవుతుందో పైడిభీమవరంలో షిఫ్టు చేసే కాంట్రాక్టు కుర్రాణ్ణి అడగండి, మా జిల్లాలో బైకు మీద తిరిగే మెడికల్ రెప్పుని అడగండి. లైసెన్సు వచ్చిన ఏడాది వాళ్ళకేమీ బోనస్ పెరగలేదు.

3. పెరిగింది ఎవరికంటే, కంపెనీల చట్టం 197వ సెక్షన్ ప్రకారం పబ్లిక్ కంపెనీ డైరెక్టర్లు, మేనేజర్ల మొత్తం జీతభత్యాలకి మామూలు పరిమితి నికర లాభంలో 11 శాతం. లాభం ఉబ్బితే ఆ పరిమితీ ఉబ్బుతుంది. అప్‌ఫ్రంట్ మొత్తం ఒకే ఏడాదిలో రాసిన కమిటీయే అదే ఏడాది కమీషన్‌కి ఓకే చెప్తే చూసేవాళ్ళకి అనుమానం రావడం సహజం. అనుమానం నిజం కాకపోతే నోటులో ఒక లైను రాస్తే సరిపోయేది.

4. మైల్‌స్టోన్ల సంగతి. ఇది మన తెలుగు నేల మీద జరిగిన చరిత్రే. 1997లో డాక్టర్ రెడ్డీస్ తన బాలగ్లిటజోన్ అనే షుగరు మందుని డెన్మార్క్‌కి చెందిన నోవో నార్డిస్క్‌కి లైసెన్సు ఇచ్చింది, మన దేశంలో కనిపెట్టిన కొత్త మాలిక్యూల్ అలా బయటికి వెళ్ళడం అదే మొదలు. మరుసటి ఏడాది రాగాగ్లిటజార్ కూడా వాళ్ళకే ఇచ్చేరు. అది ట్రయల్స్‌లో ముందుకెళ్తుంటే ఇంట్లో పండగే అనుకున్నారు అందరూ, 2002 జులైలో ఎలుకల్లో కణితులు కనబడ్డాయని నోవో ట్రయల్స్ ఆపేసింది, షేరు దెబ్బతింది. కంపెనీని తప్పు పట్టడానికి చెప్పట్లేదు, దాన్ని స్థాపించిన అంజిరెడ్డి గారు చేసిన సాహసం అప్పటికి ఇంకెవరూ చెయ్యలేదు. మందు పరిశోధనలో ఇది మామూలే. అంత మామూలైనప్పుడు "ఇంత దాకా రావచ్చు" అనే అంకెని ప్రెస్ నోటు మొదటి వాక్యంలోనూ "ఖాయంగా వచ్చింది ఇంతే" అనేదాన్ని మూడో పేజీలోనూ ఎందుకు పెడతారు?

5. దీనికి తిరగేసిన వ్యవహారం కూడా ఉంది, మన కంపెనీ బయటి మందుని లైసెన్సు తీసుకుని ఇక్కడ తన బ్రాండుగా అమ్మడం. కట్టిన ముందస్తు డబ్బు ఖర్చుగా కాకుండా ఆస్తిగా బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుంటుంది, ఏడాదికింత అని తరుగుతుంది, అందులో తప్పేం లేదు. కానీ ఒప్పందం ఆగిపోయిన సంగతి ముందు ఎవరికి తెలుస్తుందనుకున్నారు? స్టాకిస్టుకి. రెప్పు వచ్చి "ఆ బ్రాండు ఇక రాదండీ, ఉన్నది క్లియర్ చేసుకోండి" అంటాడు. పెద్దాసుపత్రి ఎదురు షాపుల్లో చీటీ పట్టుకుని జనం తిరుగుతుంటారు, డాక్టరు రాసిన పేరే కావాలని, వేరే పేరు మందు ఇస్తే భయపడి తీసుకోరు, గోపాల్‌పూర్ నుంచో ఛత్రపురం నుంచో వచ్చినవాళ్ళు మళ్ళీ బస్సెక్కి డాక్టరు దగ్గరికి వెళ్ళి చీటీ మార్పించుకోవాలి. అదే టైంలో కంపెనీ పుస్తకాల్లో ఆ హక్కు ఇంకా కోట్ల ఆస్తిగానే కనబడుతుంటే దాని విలువ తగ్గింది కదా అని అడిగేవాడు లేడు.

6. ఇందులో జనం సొమ్ము కూడా ఉంది. మన దేశంలో తయారై ఇక్కడే రిజిస్టరైన పేటెంటు మీద వచ్చే రాయల్టీకి 2016 బడ్జెట్టు ఆదాయపు పన్ను చట్టంలో 115బీబీఎఫ్ సెక్షన్ పెట్టి 10 శాతం పన్ను రేటు ఇచ్చింది, ఒకేసారి వచ్చే మొత్తం కూడా అందులోకే వస్తుంది. మంచిదే, పరిశోధనకి ప్రోత్సాహం కావాలి. కానీ ప్రభుత్వం అంత సాయం చేసిన డబ్బు లెక్క తుక్కు అమ్మకంతో కలిపి చూపిస్తే ఎలా? ప్రభుత్వ సంస్థల లైసెన్సులూ అంతే. కోవాక్సిన్‌కి ఐసీఎంఆర్‌కి (కేంద్ర వైద్య పరిశోధన మండలికి) వచ్చే రాయల్టీ వివరాలు బయటికి రావడానికి పార్లమెంటులో ప్రశ్నలు కావాల్సి వచ్చింది. పేటెంటు ఎలా వాడుతున్నారో చెప్పే ఫారం 27లో వచ్చిన ఆదాయం ఎంతో సుమారుగా రాయమని ఒక గడి ఉండేది, 2024 మార్చిలో రూల్స్ మార్చి ఆ గడి తీసేసేరు, ఏటా ఇచ్చేదాన్ని మూడేళ్ళకోసారి చేసేరు. ఉన్న కిటికీ కూడా మూసేస్తున్నారన్నమాట.

ఇక మీరు చెప్పబోయే అభ్యంతరం కూడా తెలుసు, ఒప్పందం రహస్యం, రాయల్టీ శాతం చెప్తే పోటీదారులు వాడుకుంటారు అని. మేం శాతం అడగట్లేదండీ. పుస్తకంలో మీరు రాసేసిన అంకెని విడగొట్టమంటున్నాం. పైగా అమెరికాలో లిస్టయిన చిన్న చిన్న బయోటెక్ కంపెనీల 10-కే అనే వార్షిక రిపోర్టు తెరిస్తే ఒక్కో భాగస్వామి పేరు కింద అప్‌ఫ్రంట్ ఎంత వచ్చింది, మైల్‌స్టోన్ ఎంత వరకు ఉంది, ఈ ఏడాది ఎంత ఆదాయం రాసేం, ఇంకా అడ్వాన్సుగా ఎంత ఉంది అని పేరాలు పేరాలు ఉంటాయి, ఒప్పందం కాగితాన్నే కొన్ని అంకెలు చెరిపి జతచేస్తారు. అక్కడ 1999 డిసెంబరులోనే వాళ్ళ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, ఎస్ఏబీ 101 అని సర్క్యులర్ ఇచ్చి, పని మిగిలుండగా అప్‌ఫ్రంట్‌ని ఒకేసారి ఆదాయంగా వేసుకోవద్దని చెప్పింది. మన కంపెనీతో చేసుకున్న ఒప్పందం గురించి అవతలి అమెరికా కంపెనీ తన వాటాదారుకి రెండు పేరాలు చెప్తుంటే, అదే ఒప్పందం గురించి బరంపురంలో ఉన్న వాటాదారుకి మన కంపెనీ అర లైను చెప్తోంది. రహస్యం ఎవరి దగ్గర దాస్తున్నట్టు మరి?

నాట్కో ఫార్మాకి 2012 మార్చిలో నెక్సావర్ అనే కేన్సర్ మందు మీద తప్పనిసరి లైసెన్సు (పేటెంటు యజమాని ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇచ్చేది) ఇచ్చినప్పుడు 6 శాతం రాయల్టీ అని ఉత్తర్వులోనే ఉంది, తర్వాత అప్పీల్లో 7 చేసేరు, నెలకి 2 లక్షల 80 వేల మందు 8,880కి వచ్చింది, అందరికీ తెలిసిన అంకెలే ఇవన్నీ. శాతం బయటపడినందుకు ఏ ఆకాశమూ విరిగి పడలేదు.

మా డిమాండ్లు ఇవి. కొన్ని కంపెనీలకి, కొన్ని ఆడిటర్లకి, కొన్ని పైవాళ్ళకి.

1. పెద్ద లైసెన్సు ఒప్పందం ఒక్కొక్కదానికి వార్షిక నివేదికలో ఒక పట్టిక ఇవ్వండి. వచ్చిన అప్‌ఫ్రంట్, అందులో ఈ ఏడాది ఆదాయంగా రాసింది, ఇంకా అడ్వాన్సుగా ఉన్నది, అది ఎన్నేళ్ళలో ఆదాయం అవుతుందని అంచనా, అందిన మైల్‌స్టోన్లు, రాయల్టీ. పెద్దదంటే ఏది అని వాదన అక్కర్లేదు, సెబీ లిస్టింగ్ నియమాల (ఎల్ఓడీఆర్) 30వ రెగ్యులేషన్లో ముఖ్యమైన సంఘటనకి కొలత ఉండనే ఉంది, టర్నోవర్లో 2 శాతం, నెట్‌వర్త్‌లో 2 శాతం, సగటు లాభంలో 5 శాతం, వీటిలో ఏది తక్కువైతే అది. అదే వాడండి.

2. ఒకేసారి రాసేరా, విడతలుగానా, ఎందుకు అని ఆ ఒప్పందం గురించి ప్రత్యేకంగా నాలుగు వాక్యాలు. పాలసీ పేరా కాపీ వద్దు.

3. క్వార్టర్ ఫలితాల్లో లైసెన్సు ఆదాయం విడి లైనుగా ఉండాలి. ప్రెస్ నోటులో లాభం ఇంత శాతం పెరిగింది అని రాస్తే అదే వాక్యంలో లైసెన్సు డబ్బు తీసేస్తే ఎంతో కూడా రాయాలి. చివర చుక్క గుర్తు పెట్టి చిన్న అక్షరాల్లో కాదు. దీనికి ఎల్ఓడీఆర్ 33వ రెగ్యులేషన్ కింద ఇచ్చే ఫార్మాటులో సెబీ ఒక లైను కలిపితే చాలు, ఎవరికీ పెద్ద పని కూడా కాదు.

4. డీల్ ప్రకటించేటప్పుడు ఖాయంగా వచ్చే డబ్బు ముందు, షరతుల మీద వచ్చేది తర్వాత. రెండూ కలిపి ఒకే అంకెగా చెప్పడం ఆపండి. అవతలివాళ్ళు మందు వెనక్కి ఇచ్చేస్తే ఆ కబురు అందిన 24 గంటల్లో చెప్పాలని రూలుంది, దాంతోపాటు ఆగిపోయిన మైల్‌స్టోన్ ఎంత, తిరిగి కట్టాల్సింది ఏమైనా ఉందా అన్నది కూడా అప్పుడే చెప్పండి.

5. ఆడిటర్లకి: లిస్టెడ్ కంపెనీలకి కీ ఆడిట్ మ్యాటర్లు రాయాలనే ఆడిట్ ప్రమాణం ఎస్ఏ 701 కూడా 2018 ఏప్రిల్ 1 తర్వాత మొదలైన సంవత్సరాలకే వచ్చింది. అప్‌ఫ్రంట్ వల్ల లాభం మారిపోయిన ఏడాదిలో కూడా అది మీకు ముఖ్యమైన విషయం కాలేదంటే, ఎందుకు కాలేదో కనీసం ఆడిట్ కమిటీ మినిట్సులో ఉండాలి. ఒప్పందం మూలప్రతి మీరు చదివేరా, కంపెనీ ఇచ్చిన సారాంశమే చదివేరా అన్నది రిపోర్టులో రాయండి. మాకు అన్నిటికంటే ఎక్కువ తెలుసుకోవాలని ఉన్నది ఇదే.

6. ఎన్ఎఫ్ఆర్ఏకి: ఒక ఏడాది ఆడిట్ తనిఖీల్లో ఫార్మా లైసెన్సు ఆదాయాన్ని ప్రత్యేకంగా తీసుకోండి. ఐసీఏఐకి: ఇండ్ ఏఎస్ 115 మీద మీ విద్యా సామగ్రి ఉంది, అందులో మందుల లైసెన్సు నోటు ఎలా ఉండాలో ఒక పూర్తి నమూనా పెట్టండి, తర్వాత నమూనా లేదని ఎవరూ అనలేరు.

7. డైరెక్టర్ల కమీషన్, మేనేజర్ల ఇన్సెంటివ్ లెక్క కట్టేటప్పుడు ఒక్కసారి వచ్చే లైసెన్సు డబ్బు పక్కన పెట్టండి, లేకపోతే కలిపేం అని వాటాదారుల తీర్మానంలోనే రాయండి, ఓటు వేసేవాళ్ళు తెలిసి వేస్తారు.

8. ఫారం 27లో ఆదాయం గడి తిరిగి పెట్టాలి. ప్రభుత్వ డబ్బుతో చేసిన మందులు, టీకాల మీద వచ్చే రాయల్టీ ఏటా ఆయా సంస్థల సైట్లో ఉండాలి.

9. ఏజీఎంలో విడిగా చెప్తాం అన్న ప్రతి ప్రశ్నకీ 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇచ్చి, ప్రశ్నా జవాబూ రెండూ కంపెనీ సైట్లో పెట్టండి. ఒకళ్ళు అడిగింది వందమందికి పనికొస్తుంది, మీకూ అదే మెయిలు వందసార్లు రాదు.

వీటిలో 1, 2, 9కి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, వచ్చే వార్షిక నివేదికలోనే చెయ్యొచ్చు. చేసిన కంపెనీ పేరు మేమే నలుగురికీ చెప్తాం, అందులోనూ మొహమాటం లేదు.

మార్చి 31తో ఏడాది ముగిసే కంపెనీల ఏజీఎంలు సెప్టెంబరు 30 లోపు జరగాలి. మాకు షేర్లున్న ప్రతి కంపెనీలోనూ స్పీకర్లుగా పేర్లు ఇస్తున్నాం. ప్రశ్న ఏంటో ఈసారి ముందే మీ చేతిలో పెట్టేం కాబట్టి టీంని కనుక్కుని చెప్తాం అనకుండా టీంని పక్కనే కూర్చోబెట్టుకుని రండి.

ఇట్లు,
బరంపురం, గంజాం జిల్లాకి చెందిన కొందరు చిన్న వాటాదారుల తరఫున
ఒక రిటైర్డ్ పద్దుల గుమాస్తా